కొల్లేటి గట్ల మీద సైకిలు సవారీ

ఏలూరు పట్నంలో ఉండే ఒక పెద్దమనిషి సంగతితో మొదలు పెడతాను. పేరుతో మనకు పని లేదు. వయస్సు యాభై నాలుగు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పదకొండేళ్ళుగా షుగరు వ్యాధి. కొడుకు ముచ్చటపడి ఆయనకు ఒక కొత్తరకం సైకిలు కొనిచ్చాడు. వెడల్పాటి టైర్లు, వంపు తిరిగిన హ్యాండిలు, డిస్కు బ్రేకులు. దీన్నే ఇప్పుడు గ్రావెల్ బైకు అంటున్నారు. కార్తీకమాసంలో ఒక ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి, కొల్లేటి లంకల్లో గ్రావెల్ పోసిన దారుల వెంట మూడు గంటలు తిరిగి వచ్చాడు. అంత హాయి జీవితంలో ఎరగనన్నాడు.

ఇంటికి వచ్చి బూటు విప్పితే మేజోడు రక్తంతో తడిసి ఉంది. బూటులో ఒక చిన్న గులకరాయి. మూడు గంటల సేపు అది చిటికెన వేలి కింద నలుగుతూనే ఉన్నా, ఆయనకు ఏమీ తెలియలేదు! భార్యకు చెబితే సైకిలు మూలపెట్టిస్తుందని భయపడి, గుట్టుగా ప్లాస్టరు అతికించుకుని ఊరుకున్నాడు. పదో రోజున జ్వరంతో, ఎర్రగా వాచిన పాదంతో నా దగ్గరికి వచ్చాడు. పాదం దక్కింది గాని, చిటికెన వేలు తీసివేయక తప్పలేదు.

ఇది చదివి "సైకిలు జోలికి పోకూడదన్నమాట!" అని మీరు అనుకుంటే నేను చెప్పదలచినది మీకు అందలేదన్నమాటే. తప్పు సైకిలుది కాదు, దారిది కాదు, ఆ మాటకొస్తే గులకరాయిది కూడా కాదు. దారిని అంత శ్రద్ధగా చూసుకున్న మనిషి తన వొంటిని చూసుకోలేదు, అంతే. వొంటిని చూసుకుంటూ గట్టు దారిన సైకిలు తొక్కడం ఎలాగో ఈ వారం చెప్పుకుందాం.

పేరు కొత్త, పని పాత

తారు లేని కంకర దారుల మీద దూరాలు తొక్కడం విదేశాలలో ఇటీవల పెద్ద సరదా అయింది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 2006లో మొదలైన ఒక పందెంలో ఇలాటి దారుల మీదే రెండు వందల మైళ్ళు తొక్కుతారు. అది విని మనం నోరు తెరవనక్కర్లేదు. మన పాలవాళ్ళూ, చేపల బుట్టలవాళ్ళూ, పల్లెటూరి పంతుళ్ళూ తరాల తరబడి చేసిన పనే అది. పాత నల్ల సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే దాదాపు 38 మిల్లీమీటర్లు. నేటి గ్రావెల్ బైకు టైర్లు కూడా చాలావరకు 35 నుంచి 50 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. అంచేత వేలకు వేలు పోసి కొత్త సైకిలు కొనలేకపోయామే అని చింతించకండి. బ్రేకులు బాగుండి, టైర్లు అరగకుండా ఉంటే మీ ఇంట్లో ఉన్నదే చాలు.

ఎందుకు మంచిది?

నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు శరీర భారమంతా మోకాళ్ళ మీద పడుతుంది. సైకిలు మీద ఆ భారంలో చాలా భాగం సీటు మోస్తుంది. లావుపాటి వారికీ, మోకాళ్ళు కొద్దిగా అరిగినవారికీ ఇది గొప్ప సౌకర్యం. గుండె, ఊపిరితిత్తులు, తొడ కండరాలు మూడూ కలసి పనిచేస్తాయి. పనిచేస్తున్న కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే పీల్చుకుంటుంది. తొక్కడం ఆపిన తర్వాత కూడా ఆ మేలు కొన్ని గంటల పాటు నిలుస్తుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున తొక్కితే లెక్క సరిపోయింది.

మరి గట్టు దారే ఎందుకు? బస్సులూ లారీలూ తక్కువ. పొగ తక్కువ. కొల్లేరు ప్రాంతం బల్లపరుపుగా ఉంటుంది, గుండెను ఒక్కసారిగా పరుగెత్తించే ఎత్తులు లేవు. గ్రావెల్ మీద వేగం దానంతట అదే తగ్గుతుంది. ఆ వేగమే నడివయసు వారికి తగినది.

ఎక్కడ తొక్కాలి?

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఈ ప్రాంతంలో దారులను నేను మూడు మెట్లుగా విడదీస్తాను.

మొదటి మెట్టు ఆటపాక. కైకలూరును ఆనుకునే ఉంది. గుడివాడ, భీమవరం మధ్య నడిచే రైళ్ళు కైకలూరులో ఆగుతాయి. చెరువులో గూడబాతులు, అవేనండీ పెలికాన్ పక్షులు, ఇనుప స్టాండ్ల మీద కట్టుకున్న గూళ్ళలో పిల్లల్ని పెంచుతుంటాయి. ఆ పరిసరాలలో నెమ్మదిగా అరగంట తొక్కి, సైకిలు దిగి, పక్షులను చూసి రండి. మొదటి నెలకు ఇది చాలు. గూళ్ళ దగ్గర బెల్లు కొట్టకండి, కేకలు వేయకండి.

రెండో మెట్టు కైకలూరు నుంచి కొల్లేటికోట. పెద్దింట్లమ్మవారి గుడి దాకా వెళ్ళి, నీడన కూర్చుని, నీళ్ళు తాగి తిరిగి రావచ్చు. ఫాల్గుణ మాసపు జాతర రోజుల్లో మాత్రం జనం, బళ్ళు ఎక్కువ. సైకిలుకు అది అదను కాదు.

మూడో మెట్టు లంక గ్రామాలు, ఉప్పుటేరు గట్లు. ఉప్పుటేరు అంటే కొల్లేటి నీటిని సముద్రంలో కలిపే కాలువ. ఆకివీడు దగ్గర దాన్ని అందుకోవచ్చు. ఏలూరు వైపు నుంచి వచ్చేవారికి గుడివాకలంక వంటి ఊళ్ళు దగ్గర. ఇక్కడ నీడ తక్కువ, దుకాణాలు దూరం దూరం, ఆసుపత్రి ఇంకా దూరం. మూడు నెలల అలవాటు లేనిదే ఈ మెట్టు ఎక్కకండి.

ఏ ముక్క తారు, ఏ ముక్క గ్రావెల్, ఎక్కడ గండి పడిందీ అన్నది ఏటికేడు మారుతుంది. ముందురోజే ఆ ఊరి వారిని అడగండి. చేపల చెరువుల గట్లు చాలావరకు సొంతదారులవి. అనుమతి లేకుండా వాటి మీదికి సైకిలు ఎక్కించడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు.

ఇక కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శ్రేష్ఠం. తెల్లవారి బయల్దేరి ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. మంచు దట్టంగా పట్టిన రోజున మాత్రం సూర్యుడు వచ్చేదాకా ఆగండి. మార్చి దాటాక దూర ప్రయాణాలు మానుకోండి. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీరంతా కొల్లేటికే చేరుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి, ఆ తర్వాత కొల్లేటి లంకల దారులనూ ముంచింది. నీరు పారుతున్న రోడ్డు మీద సైకిలు దించకండి. కింద రోడ్డు ఉందో గండి ఉందో ఎవరికి తెలుసు?

ముందు ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

నలభై దాటి షుగరు గాని, బ్లడ్ ప్రెషరు గాని ఉన్నవారు, పొగ తాగేవారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుండేవారు, గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు డాక్టరుకు చూపించుకోకుండా మొదలు పెట్టకూడదు. షుగరు ఉన్నవారు కళ్ళు కూడా చూపించుకోవాలి. కంటి వెనక పొరలో కొత్త రక్తనాళాలు పుట్టిన దశలో కుదుపులూ, బలవంతపు శ్రమా పనికిరావు. మొలలు, వరిబీజం సైకిలు వల్ల వస్తాయన్న భయం అక్కర్లేదు. అయితే మొలల నుంచి రక్తం పడుతున్నా, ఆపరేషను కాని హెర్నియా ఉన్నా ముందు ఆ సంగతి తేల్చుకోండి.

"మరి స్త్రీలో?" అంటారా? నిక్షేపంగా తొక్కవచ్చు. నెలసరి రోజుల్లోనూ ఓపిక ఉంటే నిషేధం లేదు. మధ్య కమ్మీ లేని సైకిలు, కాస్త వెడల్పు సీటు ఎంచుకోండి. చున్నీ, చీర కొంగు చక్రంలో చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. బిగించి కట్టుకోండి. గర్భిణులు గ్రావెల్ దారి మీద తొక్కకూడదు. ప్రమాదం తొక్కడంలో లేదు, పడటంలో ఉంది.

సైకిలు మీకు సరిపోయిందా?

సీటు మీద కూర్చుని, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనించండి. కాలు తిన్నగా చాచుకోవాలి. ముని పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదీ సరైన ఎత్తు. మోకాలి ముందు భాగాన నొప్పి వస్తే సీటు పల్లంగా ఉందేమో చూడండి. వెనక నొప్పి వస్తే ఎత్తయిందేమో చూడండి. ఎన్ని నొప్పి మాత్రలు మింగినా సీటు ఎత్తు మారదు కదా!

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే, అరచేతి అంచున పోయే నరం హ్యాండిలు మీద నలుగుతోందన్నమాట. పిడికిలి వదులు చేయండి. పది నిమిషాలకోసారి చేతుల చోటు మార్చండి. మెత్తని చేతి తొడుగులు వేసుకోండి. తొడల నడుమ తిమ్మిరి వస్తే సిగ్గుపడి దాచకండి. సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసి సమం చేయండి. మధ్యమధ్య పెడళ్ళ మీద లేచి నిలబడండి. తిమ్మిరి నరం పెట్టే మొర. మొర వినకపోతే కొన్నాళ్ళకు అది మూగబోతుంది.

టైర్లలో గాలి రాయిలా బిగించి కొట్టించకండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. గుంటల కుదుపు అప్పుడు నడుముకు చేరకముందే టైరు మింగుతుంది. మరీ తగ్గిస్తే మాత్రం ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంచరవుతుంది.

వదులు కంకరలో ముందు బ్రేకు గబుక్కున నొక్కితే బోర్లా పడతారు. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు జోలికి పోకండి. చక్రం కంకరలో దిగబడితే హ్యాండిలు గుంజకుండా మెల్లగా తొక్కుతూ పోండి. తలకు హెల్మెట్ తప్పనిసరి. "పల్లె దారే కదా" అనకండి. తల పగలడానికి గ్రావెల్ రోడ్డు చాలు.

ఎంతసేపు? ఎంత జోరుగా?

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు ఇరవై నిమిషాలు, మీ ఊళ్ళోనే. మూడు, నాలుగు వారాలు అరగంట. రెండో నెలలో వారానికి ఒకసారి గట్టు మీద గంట. మూడో నెలలో రెండు గంటలు. మా ఏలూరు పెద్దమనిషి మొదటి ఆదివారమే మూడు గంటలు తొక్కాడని మరచిపోకండి.

జోరుకు కొలబద్ద మీ నోరే. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట తెగిపోతూ ఉంటే జోరు ఎక్కువైంది. పాట సాగుతూ ఉంటే ఇంకాస్త తొక్కవచ్చు. కొల్లేట్లో కొండలు లేకపోయినా గాలి ఉంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి ఉండేలా దారి ఎంచుకోండి. అలసట వచ్చేది తిరుగు ప్రయాణంలోనే.

ఛాతీలో బరువు, ఎడమ చేతికీ దవడకూ పాకే నొప్పి, చల్లటి చెమట, ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే దిగి కూర్చోండి. 108కి ఫోను చేయించండి. "గ్యాసు అయి ఉంటుంది, ఊరు చేరాక సోడా తాగుదాం" అని మళ్ళీ సైకిలు ఎక్కకండి. ఆ ఒక్క మాట ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆర్పిందో డాక్టర్లకు తెలుసు.

సంచిలో ఏముండాలి?

గంటకు అర లీటరు నుంచి ముప్పాతిక లీటరు వరకు నీళ్ళు, ఎండను బట్టి. కొల్లేటి నీళ్ళు, కాలువ నీళ్ళు తాగకండి. చెమట బాగా పడితే ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, లేదా లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన నీళ్ళు మంచివి. చెంచా అంటే టీ చెంచా. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నవారు ఈ ఉప్పు, చక్కెర నీళ్ళ సంగతి తమ డాక్టరును అడిగి ఉంచుకోవాలి.

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో బయల్దేరకూడదు. తొక్కుతుండగా చేతులు వణికి, చెమట పట్టి, కళ్ళు తిరిగితే చక్కెర పడిపోయిందన్నమాట. దిగి, మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నోట్లో వేసుకుని పావుగంట ఆగండి. తగ్గకపోతే మళ్ళీ అంతే తీసుకోండి. తేరుకున్నాక రెండు బిస్కెట్లో, అరటిపండో తిని, అప్పుడు ఇంటిదారి పట్టండి. జేబులో పంచదార పొట్లం లేని షుగరు రోగి, బ్రేకు లేని సైకిలు ఒకటే.

గట్టు మీది మూడు ప్రమాదాలు

ఒకటి, కుక్కలు. చేపల చెరువుల దగ్గర కాపలా కుక్కలు ఉంటాయి. వెంటపడితే పందెం వేయకండి. దిగి, సైకిలును మీకూ దానికీ మధ్య ఉంచి, నెమ్మదిగా నడవండి. కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పావుగంట సేపు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. పళ్ళు గీరుకున్న చిన్న గాటైనా సరే.

రెండు, పాములు. గట్టు పక్క గడ్డిలో కాలు పెట్టేముందు చూడండి. కరిస్తే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం మూడూ తప్పే. కరిచిన కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా ఏదో ఒక బండి మీద విషం విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మంత్రగాడి గుమ్మం దగ్గర పోయే గంటే ప్రాణం తీస్తుంది.

మూడు, బురద నీరు. ఎలుకల మూత్రం కలిసిన నీరు కాలి పుండులోకి పోతే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. దీన్నే ఎలుక జ్వరం అంటారు. సాధారణంగా వారం పది రోజుల తర్వాత తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పులు, ఎర్రని కళ్ళతో మొదలవుతుంది. ముదిరితే కామెర్లు, మూత్రపిండాల దెబ్బ. తొందరగా పోల్చుకుంటే మందులకు లొంగుతుంది. అంచేత జ్వరం వస్తే "ఫలానా రోజున కొల్లేటి బురదలో దిగాను" అని డాక్టరుకు మీరే చెప్పండి. డాక్టరుకు జాతకం చూడటం రాదు. పడి చర్మం చీరుకుపోతే శుభ్రంగా కడిగి, ధనుర్వాతం టీకా గడువు దాటిందేమో చూపించుకోండి.

చివరికి, ఆ పాదం

మొదట చెప్పిన పెద్దమనిషికి బాధ ఎందుకు తెలియలేదు? ఏళ్ళ తరబడి అదుపు తప్పిన చక్కెర పాదాల నరాలను మొద్దుబరుస్తుంది. నొప్పి లేకపోవడం ఆరోగ్యం అనుకుంటాం. షుగరు ఉన్నవారి పాదంలో అదే అపాయం. మీకు షుగరు ఉంటే గట్టు దారికి ముందూ తర్వాతా ఈ పని చేయండి: బూటు తలకిందులు చేసి దులపండి, లోపల చేయి పెట్టి తడమండి, తెల్ల మేజోళ్ళు వేసుకోండి. మరక పడితే కనబడుతుంది. గంటకోసారి దిగి బూట్లు విప్పి చూసుకోండి. ఇంటికి రాగానే వేళ్ళ సందులతో సహా పాదాలు కడిగి, తుడిచి, అద్దంలో అరికాళ్ళు చూసుకోండి. చిన్న బొబ్బ కనిపించినా ప్లాస్టరు కింద దాచకుండా ఆ రోజే చూపించండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళేనాడు ఆయన తల వంచుకుని, "డాక్టరుగారూ! ఇక సైకిలు అమ్మేయమంటారా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే ఆవిడ అందుకుంది. "అమ్మడమెందుకండీ? కాలు నాకు చూపించి ఉంటే వేలు మిగిలేదిగా!" అంది.

గాయం పూర్తిగా మానాక, పాదానికి తగిన బూట్లు చేయించుకుని, ఇరవై నిమిషాలతో మళ్ళీ మొదలు పెట్టాడాయన. ఇప్పుడు ఆదివారాలు ఆటపాక దాకా వెళ్ళి గూడబాతులను చూసి వస్తున్నాడు. చక్కెర అదుపులో ఉంది, నడుము కొలత తగ్గింది. గుమ్మంలో సైకిలు ఆనించగానే లోపలినుంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది: "ఏవండీ, ముందు కాళ్ళు చూపించండి!"

మీ ఇంట్లోనూ అలా అడిగే మనిషి ఒకరు ఉండాలి. అడిగినప్పుడు దాచకుండా చూపించే బుద్ధి మీకు ఉండాలి. ఆ రెండూ ఉంటే నిర్భయంగా సైకిలెక్కండి.